ఎందుకమ్మ కార్డులు

మా పిన్ని కట్టుడు పళ్లు చేస్తుంది. డాక్టరు కాదు. డాక్టరు నోట్లోంచి అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి దవడ తయారు చేసి, దాని మీద మైనంతో గట్టు కట్టి, ఒక్కో పన్నూ నిలబెట్టి, చివరికి సానబట్టి మెరిపించేది ఆవిడే. మొహం కూడా తెలియని మనుషుల నోళ్లు ఆవిడ బల్ల మీద వరసగా తెరుచుకుని ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. బిగుతుగా ఉందనో వదులుగా ఉందనో ఒక్క సెట్టు కూడా వెనక్కి రాలేదని ఆవిడ చెబుతుంది. రెండు వచ్చాయని బాబాయి చెబుతాడు. ఆ రెండూ డాక్టర్ల తప్పేనని మళ్లీ పిన్నే చెబుతుంది.

ఈ ధీమా ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు. పదో తరగతి రెండుసార్లు తప్పింది. మూడోసారి పరీక్ష రాయనని మొండికేసింది. దీనికి చదువు ఎక్కదు అని ఇంటిల్లిపాదీ కలిసి తేల్చేశారు, మా అమ్మతో సహా. చేతిపనైనా నేర్చుకుంటుందని పళ్ల ల్యాబులో పెట్టారు. అక్కడ పోసిన ప్లాస్టర్ గట్టిపడటానికి ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంట ఏం చేయాలో తోచక, బల్ల మీద పరిచిన పాత పేపరే చదువుతూ కూర్చునేది. ఒక రోజు అందులో గళ్ల నుడికట్టు కనిపించింది.

మామూలు నుడికట్టు కాదు. ఆధారం పైకి ఒకటి చెబుతున్నట్టుంటుంది, లోపల అడిగేది ఇంకొకటి. పిన్ని కంటపడిన మొదటి ఆధారం ఇది: ‘తల తిరిగితే తీగ’. రెండక్షరాలు. తల తిరగడమేంటి, మధ్యలో తీగ ఏంటి? రెండు రోజులు దాని ముందే కూర్చుంది. తన తలే తిరిగింది కానీ జవాబు రాలేదు. మూడో రోజు మైనం కరిగిస్తుంటే చటుక్కున తట్టింది. ‘తల’ అనే మాటనే తిప్పమంటున్నారు. తిప్పితే ‘లత’. లత అంటే తీగ. అంతే! ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా మా అమ్మ ముందు నిలబడి, "అక్కా, నాకు బుర్రుంది" అందట. మా అమ్మ ఇప్పటికీ ఆ మాట చెప్పి కొంచెం సిగ్గుపడుతుంది. పడాలి కూడా.

ఆ నుడికట్టు కింద పేరుండదు. మా పఠనాలయంలో అందరూ ఆయన్ని గళ్ల మాస్టారు అంటారు. ఆయన ఏ వీధిలో ఉంటారో, పొడుగో పొట్టో ఎవరికీ తెలియదు. పిన్ని మాత్రం, "నన్ను పాసు చేసింది ఆయనే" అంటుంది. ఆ మాట అనేటప్పుడు హాస్యానికి అన్నట్టు ఉండదు ఆవిడ మొహం.

పఠనాలయం అంటే రెండు పొడుగు బల్లలు, నాలుగు ఫ్యాన్లు, వాటిలో తిరిగేవి రెండు. ఆదివారం పేపరు వస్తుంది. సోమవారం పొద్దున పనికి వెళుతూ పిన్ని అక్కడి బోర్డుకి ఒక కార్డు గుచ్చి వెళుతుంది. ఆ వారం ఆధారాలన్నిటికీ జవాబులు, ఒక్కో జవాబు పక్కన ‘ఎందుకంటే’ అని మొదలయ్యే వివరణ. పేపరు వాళ్లు ఉత్త జవాబులు వేస్తారు, వివరణ వేయరు. అందుకని జనం ఆ కార్డు దగ్గరే మూగుతారు. పక్కనే నా ఫొటోకాపీ కొట్టు. కాపీలు తీసి కావలసిన వాళ్లకి పంచేది నేనే. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

సాయంత్రాలు పిన్ని కూడా వచ్చి కూర్చుంటుంది. ఆవిడ ఉన్నచోట ఒక కట్టుబాటు ఉంది. ఎందుకో చెప్పకుండా జవాబు చెప్పకూడదు. ఒకసారి దర్జీ ఆయన ఆయాసపడుతూ వచ్చి, "మకరి! తొమ్మిది నిలువు మకరి!" అని అరిచాడు.

"ఎందుకు?" అంది పిన్ని.

"అక్షరాలు సరిపోయాయి కదా."

"అక్షరాలు సరిపోతే సరిపోతుందా? చొక్కా కుట్టి, గుండీలు సరిపోయాయి, ఇక మనిషితో పనేముంది అంటావా?"

తర్వాత తనే విప్పి చెప్పింది. ఆధారం ఏమిటంటే, ‘దోమ కరిస్తే లోపలున్న మొసలి బయటపడింది’. "దోమ కరిస్తే అని గబగబా అను. మధ్యలో ఏం వినిపిస్తోంది? మకరి. మకరి అంటే మొసలి. లోపలే ఉందని ఆయన నోరారా చెప్పాడు, నువ్వు వినలేదు." దర్జీ నోరు తెరిచాడు. ఆ రోజు నుంచే ఆవిడకి ఎందుకమ్మ అని పేరు పడింది.

మొన్నటి వానాకాలంలో ఆధారాల ధోరణి మారింది. మొదట వచ్చింది, ‘ఇది నిన్ననే వేశాను కదా’. మూడక్షరాలు. నిలువు మాటలు పూర్తి చేస్తే ‘తలుపు’ అని తేలింది. అక్షరాలు కచ్చితం, అనుమానం లేదు. కానీ ఎందుకు? తిప్పమని లేదు, కలపమని లేదు, దాచినట్టు లేదు. పిన్ని ఆదివారం రాత్రి దాకా కష్టపడి కార్డు మీద రాసింది: ‘వేయడం అంటే మూయడం. రోజూ వేసి, రోజూ తీసేది తలుపు. నిన్న వేసినా ఇవాళ మళ్లీ వేయాల్సిందే కాబట్టి మాస్టారు విసుక్కుంటున్నారు.’ అందరూ ఆహా అన్నారు. మాస్టారు కొత్త బాణీ పట్టారని లెక్కల టీచరు తీర్మానించింది.

తర్వాత వారం ఒకటి, ఆ పై వారం ఇంకొకటి. ప్రతిసారీ గళ్లు చక్కగా కుదిరేవి, ఒక్క ఆధారం మాత్రం ఇలా గాల్లో వేలాడేది. అన్నిటికీ మించి పేరు తెచ్చుకున్నది ఐదో వారానిది. ‘నల్ల గొడుగు ఎక్కడ పెట్టాను?’ జవాబు ‘గగనం’. పిన్ని రాసిన వివరణ నాకు కంఠతా వచ్చు. ‘నల్ల గొడుగు అంటే కారుమబ్బు. దాన్ని పెట్టేది ఆకాశంలో. అడుగుతున్నది మనిషి కాదు, పైవాడు. అంత పెద్ద గొడుగుని ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తులేదు.’ పోస్టాఫీసు ఆయన చప్పట్లు కొట్టాడు. ఆ కార్డు నలభై కాపీలు తీశాను. మా పిన్ని వీధిలో నడుస్తుంటే జనం తిరిగి చూశారంటే నమ్మండి. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

ఎనిమిదో వారం కార్డు గుచ్చిన రెండు రోజులకి ల్యాబుకి ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. స్కూలు వ్యాను నడిపే వాళ్ల యూనిఫాం. నేను పిన్నికి టీ ఇచ్చి అక్కడే కబుర్లాడుతున్నాను.

"ఎందుకమ్మ గారంటే మీరేనాండీ?"

"నేనే. పళ్ల కోసమా?"

"కార్డుల కోసం. నేను గళ్ల మాస్టారి అమ్మాయిని."

పిన్ని చేతిలో ఉన్న దవడ బల్ల మీద పెట్టేసింది. మైనం అంటిన చేతులు కొంగుకే తుడిచేసుకుంది, ఇంట్లో ఎవరైనా ఆ పని చేస్తే చీల్చి చెండాడే మనిషి. "మాస్టారి అమ్మాయివా? కూర్చోమ్మా. ఆయనెలా ఉన్నారు? నా కార్డులు చూస్తారా?"

"చూస్తారండీ. అదే బాధ. మీరు ఆ కార్డులు ఆపేయాలి."

రెండు నెలలుగా వాళ్ల నాన్న తీరు బాగాలేదట. కుళాయి తిప్పి మరిచిపోతున్నారు. కూతుర్ని తన చెల్లెలి పేరుతో పిలుస్తున్నారు. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకుంటున్నారు. డాక్టరు దగ్గరికి పోదామంటే అగ్గి మీద గుగ్గిలం అవుతున్నారు. "నా బుర్ర పాడైందంటావా, ఇదిగో చూడు అని మీ కార్డు తీసి చూపిస్తారండీ. నేను రాసినదానికి ఇంత అర్థం ఉందని ఊరంతా ఒప్పుకుంటుంటే నీకేం తెలుసంటారు. పేపరాఫీసు వాళ్లకీ ఒకసారి అనుమానం వచ్చింది. నాన్న మీ కార్డు ఫొటో పంపారు. వాళ్లూ నోరు మూసుకున్నారు."

పిన్ని మొహం ఎర్రబడింది. "ఆధారంలో తప్పుంటే నాకు తెలియదా? ఇరవై రెండేళ్లుగా ఆయన చేతిరాత చదివినట్టు చదువుతున్నాను."

"గొడుగుది గుర్తుందాండీ?"

"గగనం." ఆ మాట అనగానే పిన్ని కళ్లు మెరిశాయి. ఎంత కోపంలో ఉన్నా అదంటే ఆవిడకి అంత మురిపెం.

"ఆ రోజు పొద్దున్నుంచీ మా నాన్న గొడుగు కోసం వెతుకుతున్నారు. ఆధారాలు రాయడానికి కూర్చుని, నన్ను అడగాల్సిన మాట కాగితం మీద రాసేశారు. గొడుగు తలుపు వెనకే ఉంది. ఆ ‘నిన్ననే వేశాను’ కూడా అంతే. కంట్లో చుక్కల మందు గురించి నాతో గొడవ."

నలభై కాపీలు తీసింది నేనే కదా. పిన్ని మాత్రం లేచి నిలబడి, "నాకు పనుందమ్మా, వెళ్లిరా" అంది. వచ్చినావిడ తన ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి, ప్లాస్టర్ డబ్బా కింద పెట్టి వెళ్లిపోయింది.

రెండు రోజులు పిన్ని ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. బాబాయి లిఫ్టులు బాగుచేసే మనిషి, ఎక్కడ ఇరుక్కుందో తెలిసేదాకా తలుపు బలంగా లాగకూడదని ఆయనకి తెలుసు, ఊరుకున్నాడు. శనివారం మధ్యాహ్నం పిన్ని ఆ ఎనిమిది కార్డులూ మంచం మీద పరిచింది. ఒక్కొక్కటే పైకి చదివింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

"బాగానే ఉన్నాయే" అంది చివరికి. "ఇంత బాగుండటమే నాకు భయంగా ఉంది."

ఆదివారం పేపరు వచ్చింది. పదిహేడు అడ్డం, ‘ఈ ఇంటికి ఇన్ని గదులెందుకు’. నిలువు మాటల వల్ల ‘పల్లకి’ అని తేలింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, పిన్నికి వివరణ తన్నుకుంటూ వచ్చేసింది. పల్లకి అంటే కదిలే ఇల్లు, దానికి ఒకటే గది, హాయిగా ఒకే గదిలో కూర్చుని పోయేవాడికి మిగతా గదులెందుకు. కార్డు మీద సగం రాసింది కూడా. అక్కడ ఆగి, దాచుకున్న చీటీ తీసి, ఆ నంబరుకి ఫోన్ చేసింది.

"అమ్మా, మీ ఇంట్లో ఎన్ని గదులు?"

"రెండేనండీ. నాన్న ఈ మధ్య స్నానాలగది దొరక్క బట్టల బీరువా తీస్తున్నారు."

పిన్ని ఫోన్ పెట్టేసి ఆ కార్డు చించేసింది. కొత్త కార్డు తీసి మొత్తం మళ్లీ రాసింది. పదిహేడు అడ్డం దగ్గరికి వచ్చేసరికి, ‘పల్లకి. దీనికి వివరణ లేదు’ అని రాసింది. ఇరవై రెండేళ్లలో ఆవిడ చేత్తో ఆ మాట రాయడం అదే మొదలు. పదో తరగతి ఫలితాల రోజున ఎలా ఉందో ఆ మొహం అలాగే ఉందని మా అమ్మ నాతో చాటుగా అంది.

సోమవారం పఠనాలయంలో గగ్గోలు. ఎందుకమ్మకి చేతకాలేదా? ఒంట్లో బాగాలేదా? దర్జీ ఆయన నా కొట్టుకొచ్చి, "మీ పిన్నికి దిష్టి తగిలింది" అని పరామర్శించి పోయాడు. సాయంత్రం మేమంతా బల్ల చుట్టూ ఉండగా కూతురి భుజం పట్టుకుని ఒక పెద్దాయన వచ్చారు. సన్నగా పొడుగ్గా ఉన్నారు. చొక్కా గుండీలు ఒకటి ఎగువా ఒకటి దిగువా పెట్టుకున్నారు. కార్డు ముందు నిలబడి పదిహేడో వరస మీద వేలు పెట్టారు.

"ఇది ఎవరు రాశారు? నా ఆధారానికి వివరణ లేదని ఎవరన్నారు?"

గళ్ల మాస్టారని అందరికీ అర్థమైపోయింది. కుర్చీలు కిర్రుమన్నాయి. పాపం, ఆయన్ని సంతోషపెట్టాలని ఒకరి మీద ఒకరు పడ్డారు.

"నాకు అర్థమైంది మాస్టారూ" అన్నాడు దర్జీ. "పల్లకి మోసేవాడు ఊరంతా తిరుగుతాడు, వాడికి ఇల్లే వద్దు, గదులెందుకు?"

"అదే, అదే" అన్నారు ఆయన, మొహం విప్పారింది.

"కాదు, పల్లకికే ఒక గది, కాబట్టి ఇది వెటకారం" అంది లెక్కల టీచరు.

"అదే, అదే."

"పల్లకిలో ఉత్తరాలు పంపేవాళ్లు కదా పూర్వం..." అని పోస్టాఫీసు ఆయన ఎక్కడికో పోయాడు.

"అదే కదా నేనన్నది" అన్నారు మాస్టారు.

మూడు వివరణలు, ఒకదానితో ఒకటి పొసగవు. మూడింటికీ అదే అన్నారు. వాళ్లందరికీ ఈ విద్య నేర్పింది పిన్నే. ఆవిడ లేచింది.

"ఆపండి" అంది. "ఇంకొక్కరు వివరణ చెప్పారంటే ఊరుకోను. అందులో ఏమీ లేదు." తర్వాత ఆయన వైపు తిరిగింది. "మాస్టారూ, అక్షరం ముక్క రాదనుకున్న దాన్ని నన్ను మనిషిని చేసింది మీరు. మీతో అబద్ధం చెప్పలేను. ఇది ఆధారం కాదు. గొడుగుదీ కాదు. ఆ ఎనిమిదిట్లోనూ ఏమీ లేదు. ఉన్నట్టు కల్పించింది నేను."

"ఎంత మాటన్నావమ్మా పెద్దాయన్ని" అని దర్జీ గొణిగాడు. మాస్టారు కార్డు వంక, పిన్ని వంక, కూతురి వంక చూశారు. పదిహేడో వరస మళ్లీ చదివారు. పెదాలు కదిపారు. ఆయన నిజంగానే దాన్ని విప్పడానికి ప్రయత్నిస్తున్నారు.

"నాకు తెలియడం లేదు" అన్నారు చాలాసేపటికి. "ఎందుకు రాశానో నాకు తెలియడం లేదమ్మా." తర్వాత కూతురితో, "డాక్టరు దగ్గరికి పోదాం అన్నావు కదా, పద" అన్నారు.

మర్నాడే తలకి స్కానింగ్ తీశారు. రెండు మూడు నెలల కింద బీరువా తలుపు తలకి కొట్టుకుందట, బొప్పి కూడా కట్టలేదని ఎవరూ పట్టించుకోలేదు. లోపల కొద్దికొద్దిగా రక్తం చేరి మెదడుని నొక్కుతోంది. చిన్న రంధ్రం చేసి తీసేస్తే సరిపోయే జబ్బు, ఇంకా తాత్సారం చేసుంటే మనిషి దక్కేవాడు కాదు. డాక్టరు ఆ మాట చెబుతుంటే పిన్ని వరండాలో గోడకి ఆనుకుని నిలబడింది. ఆపరేషన్ అయ్యింది. ఈలోగా ఆ ఎనిమిది వివరణలూ తప్పని ఒప్పుకుంటూ, పిన్ని ఒక కార్డు రాసి, కింద తన పేరు పెట్టి మరీ బోర్డుకి గుచ్చింది. దానికీ నలభై కాపీలు తీశాను, ఊరికే పంచాను. పంచుతుంటే కొంతమంది మొహం తిప్పుకున్నారు. తిప్పుకోనీ.

తొమ్మిదో రోజు నేనూ పిన్నీ ఆయన్ని చూడటానికి వెళ్లాం. తలకి కట్టు, మనిషి చిక్కిపోయారు, కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. పిన్నిని చూడగానే గుర్తుపట్టి పక్కన కూర్చోమన్నారు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, కూతురు మందులు తేవడానికి కిందకి వెళ్లింది. అప్పుడు గొంతు తగ్గించారు.

"మీకొకటి చెప్పాలమ్మా. నేను రాసేది గాడి తప్పుతోందని నాకు తెలుసు."

"తెలుసా?"

"పేపర్లో పడ్డాక చదివితే నాకే బోధపడేది కాదు. ఇది ఎవరు రాశారా అనిపించేది. భయమేసేది. ఎవరితో చెప్పుకోను? సోమవారం అమ్మాయి చేత మీ కార్డు ఫొటో తెప్పించుకునేవాణ్ణి. ఈ వారమైనా ఆవిడ అర్థం కాలేదని రాస్తుందేమో, అప్పుడు నేనూ నోరు తెరిచి చెప్పేయొచ్చు అనుకునేవాణ్ణి. మీరు చూస్తే అంత చక్కగా రాసేవారు. ఇక ఏం చేయను? అమ్మాయి నిలదీస్తే చెప్పడానికి కూర్చుని బట్టీ పట్టేవాణ్ణి."

"దేన్ని మాస్టారూ?"

"మీ వివరణల్ని."

"నావా?" అంది పిన్ని. తన మాట నమ్మలేదనుకున్నారో ఏమో, ఆయన కళ్లు మూసుకుని మొదటి కార్డు నుంచి అప్పజెప్పడం మొదలుపెట్టారు. ‘ఎందుకంటే’ దగ్గర మొదలుపెట్టి చివరిదాకా, అక్షరం పొల్లుపోకుండా. పిన్ని చాలు మాస్టారూ, చాలు అంటూనే ఉంది. ఆయన ఆపలేదు. మూడో కార్డు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, వార్డులో పదిమంది చూస్తున్నారని కూడా లేకుండా భోరుమని ఏడ్చింది.